శాతం దేనిమీద? రాయితీలు, వర్గమూలాల లెక్కలు చేసే విధానం

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు శాతాల లెక్కల్లో తప్పడానికి గుణకారం రాకపోవడం కన్నా, ఆ శాతాన్ని దేనిమీద కట్టాలో చూసుకోకపోవడమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. అందుకే సమస్యలో శాతం కనబడగానే దాని పక్కన పెన్సిలుతో "దేనిమీద?" అని రాసుకోవాలి. లాభనష్టాల శాతాన్ని కొన్నవెల మీద, రాయితీ శాతాన్ని ప్రకటన వెల మీద లెక్కించడం పాఠ్యపుస్తకాల నియమం.

ఆషాఢమాసంలో ఒక బట్టల దుకాణం 20 శాతం తగ్గింపు ప్రకటించిందనుకుందాం. 1,500 రూపాయల చీరకు తగ్గింపు 300 అని కట్టి, దాన్ని తీసివేసి 1,200 అని చెప్పవచ్చు. లేదా నూటికి 20 పోగా 80 మిగులుతుంది గనుక 1,500ను నేరుగా 0.80తో గుణించవచ్చు. మొదటి పద్ధతి తప్పు కాదు గాని, తుది ధర నుంచి అసలు ధరకు వెనక్కి వెళ్లవలసి వచ్చినప్పుడు రెండోదే అక్కరకొస్తుంది. "20 శాతం తగ్గించాక చీర 1,200కు వచ్చింది, ప్రకటన వెల ఎంత?" అని అడిగితే చాలామంది 1,200లో 20 శాతమైన 240ని కలిపి 1,440 అని రాసేస్తారు. నిజానికి ఆ 1,200 నూరు భాగాల్లో 80 మాత్రమే, దాన్ని 0.80తో భాగిస్తే 1,500 వస్తుంది.

"20 శాతం, దానిపై మరో 10 శాతం" అంటే 30 శాతం కాదు. రెండో తగ్గింపు మిగిలిన ధర మీదే పడుతుంది కనుక 0.80 × 0.90 = 0.72, అంటే మొత్తం తగ్గింపు 28 శాతమే. ఏ తగ్గింపు ముందు తీసినా తుది ధర మారదు.

వర్గమూలానికి ప్రధాన కారణాంకాల పద్ధతి నమ్మకమైనది: 1,764 = 2 × 2 × 3 × 3 × 7 × 7 కాబట్టి జతకు ఒకటి చొప్పున తీసుకుంటే 2 × 3 × 7 = 42. పరిపూర్ణ వర్గం కాని సంఖ్యకు ఉజ్జాయింపు కావాలి. 200 గజాల చదరపు స్థలం ఉందనుకోండి (మన వాడుకలో గజాలంటే చదరపు గజాలే). 14 వర్గం 196, ఇంకా 4 మిగిలింది. ఆ 4ను 14కు రెట్టింపైన 28తో భాగిస్తే సుమారు 0.14. భుజం దాదాపు 14.14 గజాలు, అంటే 42 అడుగులకు కాస్త ఎక్కువ.

ఈ రెండు పాఠాలూ కలిసే లెక్క ఒకటుంది. 1,000 రూపాయల వస్తువుపై ఒకే శాతాన్ని వరుసగా రెండుసార్లు తగ్గిస్తే 640 అయింది. ఒక్కో తగ్గింపు ఎంత? మొత్తం 36 శాతం పోయింది గనుక సగం 18 అనిపిస్తుంది. కాని ఒకే గుణకంతో రెండుసార్లు గుణించగా 0.64 వచ్చింది కాబట్టి ఆ గుణకం 0.64 వర్గమూలమైన 0.80, ఒక్కో తగ్గింపు 20 శాతం. సరిచూస్తే 1,000 మొదట 800, తర్వాత 640 అవుతుంది. 18 శాతంతో చేస్తే 672 రూపాయల 40 పైసల దగ్గరే ఆగిపోతుంది.