మంచి వాచీకి బెల్టు మార్చడం ఎలా?

కావలసినవి మూడే: పది రెట్లు పెద్దగా చూపించే కంటి భూతద్దం, బెల్టును వాచీకి పట్టి ఉంచే స్ప్రింగు పిన్ను తీసే టూల్, మాస్కింగ్ టేపు.

ముందు ఫినిషింగ్, అంటే లోహాన్ని దిద్ది మెరుగుపెట్టిన తీరు చూడండి. ట్యూబ్‌లైటు కింద కాదు, పొద్దున్నే కిటికీ పక్కన, వాచీని మెల్లగా తిప్పుతూ. స్విట్జర్లాండ్ వాచీ నిపుణుడు ఫిలిప్ డుఫోర్ లాంటివాళ్ల పనిలో విలువంతా అంచుల్లోనే ఉంటుంది. వెనక అద్దంలోంచి చూస్తే, బ్రిడ్జి (లోపలి చక్రాలను పట్టి ఉంచే లోహపు పలక) మీద ఏటవాలుగా దిద్దిన రెండు అంచులు లోపలికి కలిసేచోట మూల సూదిమొనలా కనిపించాలి. గిరగిరా తిరిగే కట్టర్ ఆ మూలను గుండ్రంగానే వదిలేస్తుంది, మిగతాది ఆకురాయి పట్టిన చెయ్యే చెయ్యాలి. బ్లాక్ పాలిష్ (అద్దంలా నున్నగా రుద్దడం) చేసిన స్టీలైతే ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో తెల్లగా మెరవాలి. మధ్యలో బూడిదరంగు తేలితే ఆ పని సరిగ్గా కుదరలేదన్నమాట.

బెల్టు వెడల్పు లగ్‌ల (బెల్టు తగిలించడానికి వాచీకి ఉండే కొమ్ముల) మధ్య దూరమెంతో అంతే ఉండాలి. 19 మి.మీ. చోట 20 కుక్కొద్దు, 18 వేసి సందు వదలొద్దు. మన విశాఖ ఉక్కకి మార్చి నుంచి అక్టోబరు దాకా మొసలి తోలు జోలికే పోకండి, చెమటకి లోపలి పొర పాడైపోతుంది. అప్పుడు కాన్వాసే కట్టాలి. తోలు డిసెంబరు, జనవరిల్లోనే.

ఇక అసలు టెన్షన్ పిన్ను దగ్గర. టూల్ ఒక్కసారి జారిందంటే లగ్ మీద గీత పడుతుంది, గీత పోవాలంటే పాలిష్ పట్టాలి, పాలిష్ పడితే, మీరు భూతద్దంలో చూసి మురిసిపోయిన అంచుల్లాంటిదే, లగ్ మీది పదునైన అంచు గుండ్రమైపోతుంది. పాత అంచు మళ్లీ రాదు. దుకాణంలో ఇస్తే రెండు నిమిషాల్లో మార్చేస్తారు గానీ, టేపు వేసి మార్చేవాళ్లు అరుదు, అందుకే ఇంట్లోనే చేసుకోమంటాను.

నాలుగు లగ్‌లకీ లోపలా బయటా టేపు అంటించండి. మెత్తటి గుడ్డ మీద వాచీని బోర్లా పెట్టండి. టూల్ చీలిక మొనను బెల్టుకీ లగ్‌కీ మధ్య దూర్చి, పిన్ను మీద గట్టులా ఉండే చోట తగిలించి బెల్టు మధ్యవైపే నొక్కండి, లగ్‌వైపు మాత్రం ఎప్పుడూ వద్దు. పిన్ను ఎగిరిపోకుండా రెండో చేతి వేలు అడ్డం పెట్టండి. ఏసీ కింద, చేతులు తుడుచుకునే చెయ్యండి, తడి వేళ్లతో టూల్ నిలవదు.

బిగించేటప్పుడు ఒక కొన రంధ్రంలో పెట్టి, రెండోది నొక్కి జరిపితే టక్కుమంటుంది. ఆ శబ్దాన్ని నమ్మకండి, బెల్టును గట్టిగా లాగి, పక్కలకి కదిపి చూశాకే టేపు తీయండి.