చెట్టు బెల్టు: కింద పట్టిన నడుము తాడు పైన జారుతోందా?

చెట్టెక్కేవాళ్లు బెల్టుకు తగిలించి మాను చుట్టూ తిప్పుకునేదే నడుము తాడు. దాని పొడవు సర్దడానికి దానిమీద సన్నని తాడు (ముడి తాడు) చుట్టి ముడి వేస్తారు.

సమస్య: మాను మొదలు దగ్గర నడుము తాడు ముడి గట్టిగా పట్టింది. పైకెళ్లి, కొమ్మ కొట్టడానికి పక్కకి వాలగానే తాడు జానెడో మూరెడో జారుతోంది.

వానలు ముదిరేలోపు నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్ల మీదికి వాలిన వేప, చింత కొమ్మలు కొట్టే రోజుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. వినగానే తాడు పాతదైందని కొత్తది కొంటారు. కొనేముందు పైన ఆగి ఒక్కసారి ముడిని చూడండి: బెరడుకు ఆనుకుని ఉందా?

చాలాసార్లు కారణం అదే. ముడి పట్టడమంటే దాని చుట్లు తాడును పిండడం. చెట్టు వైపు నుంచి ఏదైనా ఆ చుట్లకు అడ్డుపడితే అవి వదులైపోతాయి. కింద మాను లావు, మనిషి దూరంగా నిలబడతాడు, ముడి గాలిలో ఉంటుంది. పైన మాను సన్నం, తాడు బిగించుకుని దగ్గరికి వెళ్తాం. రెండో పక్కకి వాలగానే తాడు మానును చుట్టుకుంటూ ముడిని లాక్కెళ్తుంది. వేప బెరడు గరుకో, నరికిన కొమ్మ మొండో దాన్ని ఆపేస్తుంది. ముడి ఆగుతుంది, తాడు మాత్రం దాని లోపలినుంచి జారిపోతుంది. కింద ఎన్నిసార్లు పరీక్షించినా ఇది బయటపడదు.

పరిష్కారం: ముడి తాడును పొట్టిగా కట్టండి. ముడికీ, దాన్ని బెల్టుకు తగిలించే హుక్కుకీ మధ్య గుప్పెడు దూరం మించకూడదు. ముడి తాడు పొడవైతే ముడి బెరడు దాకా పోతుంది. పైన వాలాక ముడికీ బెరడుకీ మధ్య జానెడు ఖాళీ ఉండేలా తాడు వదలండి. అంత చోటు లేకపోతే ముడి లేని వైపుకే వాలేలా నిలబడండి. రంపం పట్టే ముందు మెయిన్ తాడు (పై కొమ్మకు వేసి మనిషి బరువు మోసే తాడు) కూడా తగిలించి ఉండాలి. నడుము తాడు ఒక్కదాన్నే నమ్మకండి.

నేలకు అడుగు ఎత్తులోనే జారితే కారణం వేరు. ముడి తాడు నడుము తాడుకన్నా సన్నగా ఉండాలి: 12-13 మి.మీ. తాడుకు 8-10 మి.మీ. ముడి తాడు. వేడికి కరిగి, గాజులా మెరుస్తూ గట్టిపడిన ముడి తాడును పారేయండి.

హుక్కు మూత టక్కున మూసుకోకపోతే: మైపాడు, కొత్తపట్నం తీరంలో ఉప్పు, ఇసుక చేరతాయి. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి గ్రాఫైట్ పొడి వేయండి. నూనె వద్దు, ఇసుకను పట్టుకుంటుంది. అప్పటికీ మూయకపోతే దాన్ని వాడకండి.

తాడు చివర కాళ్లకు చుట్టుకుంటుంటే: చుట్టలు చుట్టి వెనక సామాను లూపులో వేసుకోండి. ఆ లూపులు పనిముట్లు మోయడానికే. నడుము తాడు హుక్కు మాత్రం బెల్టు పక్క రింగుకే తగలాలి. తగిలించాక కళ్లతో చూడండి, చేత్తో లాగండి.

బెల్టు కుట్టు తెగడం, రింగు వంగడం అరుదు. కనబడితే ఆ బెల్టుతో ఎక్కకండి.