గ్రంథిని గడ్డకట్టించిన తరువాత ప్రతిరక్షకాలను పరీక్షించే విధానం

మగ కుందేలు జననేంద్రియ సహాయక గ్రంథులను (వీర్యంలోని ద్రవాన్ని తయారుచేసే గ్రంథులు) శరీరంలోనే ఉంచి అతిశీతలంతో గడ్డకట్టిస్తే, ఆ కణజాలానికి వ్యతిరేకంగా అదే జంతువు రక్తంలో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఏర్పడగలవని 1967లో యాంటోర్నో, సోన్స్, గాండర్, షుల్మన్ ప్రచురించిన పరిశోధన చూపింది. వేడికి ప్రొటీన్ల ఆకృతి చెదిరిపోతుంది. శీతలం వల్ల చనిపోయిన కణాల్లో అది చాలావరకు నిలిచి ఉంటుంది. కణపొర చిట్లినప్పుడు బయటపడిన ఆ ప్రొటీన్లను డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలు లింఫు గ్రంథులకు చేరవేసి, రోగనిరోధక ప్రతిస్పందనను నడిపించే టి కణాలకు చూపుతాయి.

జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి లభించాక, మొదట నిర్ణయించవలసినది పోలిక బృందాలను. ఒక బృందంలో గ్రంథిని గడ్డకట్టించాలి. రెండవ బృందంలో పొట్ట కోసి, గ్రంథికి చల్లబరచని ప్రోబ్‌ను (గడ్డకట్టించడానికి వాడే కడ్డీని) తాకించి కుట్టివేయాలి. మూడవ బృందంలో కాలేయం వంటి వేరొక అవయవంలో కొంత భాగాన్ని గడ్డకట్టించాలి. ఈ మూడవ బృందాన్ని ఖర్చు తగ్గించుకోవడానికి వదిలివేయడం నా దృష్టిలో తగని పని, ఎందుకంటే అది లేనిదే ప్రతిస్పందన గ్రంథికి ప్రత్యేకమైనదో, ఏ కణజాలం చనిపోయినా కలిగేదో తేల్చలేము. శస్త్రచికిత్సకు ముందే ప్రతి జంతువు నుండి రక్త నమూనా తీసుకోవడం తప్పనిసరి.

శస్త్రచికిత్స పూర్తి మత్తులో, పశువైద్యుని పర్యవేక్షణలో జరగాలి. ఆ తరువాత కూడా నొప్పి నివారణ మందులు కొనసాగించాలి. ద్రవ నత్రజని −196 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది గాని, కణజాలం అంత చల్లబడదు. పైకి కనిపించే మంచు అంచు వద్ద ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువనే ఉంటుంది కనుక అక్కడి కణాలు బతికి ఉండవచ్చు. అందువల్ల కంటితో అంచనా వేయకుండా ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ సూదిని గుచ్చి, ఉద్దేశించిన భాగమంతా −40 డిగ్రీలకు చేరిందని నిర్ధారించుకోవాలి. వేగంగా చల్లబరచి నెమ్మదిగా కరగనిచ్చి, మరొకసారి గడ్డకట్టిస్తే కణనాశనం పెరుగుతుంది.

తరువాత కొన్ని వారాలపాటు, వారానికొకసారి రక్తం తీసి, సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) చిన్న చిన్న భాగాలుగా −80 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. ప్రతిరక్షకాల రకాల్లో మొదట ఐజీఎం, పిదప ఐజీజీ పెరగడం సాధారణ క్రమం కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలవాలి. ఒక జంతువు నమూనాలన్నింటినీ ఒకే ఎలైసా (ప్రతిరక్షకాలను కొలిచే పరీక్ష) ప్లేటులో పరీక్షిస్తే పోలిక నమ్మదగినదవుతుంది. ప్లేటులో గ్రంథి సారంతోపాటు (కణజాలాన్ని నూరి తీసిన ద్రవంతోపాటు) కాలేయం, మూత్రపిండాల సారాలు కూడా ఉండాలి. ఆపై సీరాన్ని ఒక భాగం గ్రంథి సారంతో, మరొక భాగం కాలేయ సారంతో కలిపి, వాటికి అంటుకునే ప్రతిరక్షకాలను తొలగించి మళ్లీ పరీక్షించాలి. కాలేయ సారంతో కలిపినప్పుడు నిలిచే ప్రతిచర్య గ్రంథి సారంతో కలిపినప్పుడు మాయమైతేనే అది గ్రంథికి ప్రత్యేకమని చెప్పవచ్చు. సారం వేరే కుందేలు నుండి తీసినదైతే, జంతువుల మధ్య ఉండే జన్యుభేదాలకు కూడా ప్రతిరక్షకాలు స్పందించవచ్చు. వీలైతే అదే జంతువు గ్రంథి నుండి ముందుగా తీసి దాచిన ముక్కను వాడాలి.

వృషణాన్ని ఇదే పద్ధతిలో పరీక్షించదలచినవారు ఫలితాలను వేరుగా చూడాలి. శుక్రకణాలు యౌవనదశలోనే పుట్టి, రక్తానికి, వృషణానికి నడుమ ఉండే అవరోధం వెనుక పెరుగుతాయి కనుక గడ్డకట్టించడంతోపాటు ఆ అవరోధం తెగడం కూడా ప్రతిస్పందనకు కారణం కావచ్చు. అందుకే అక్కడ గడ్డకట్టించకుండా వృషణాన్ని సూదితో గాయపరచిన మరొక బృందం అవసరమవుతుంది.