ప్లగ్ కనిపించాక తొలి నాలుగు రోజులు: చిట్టెలుక గర్భం నిలవాలంటే

మగ చిట్టెలుక కంటే ముందు దాని వాసనను పంపండి. అది పడుకున్న పొట్టు ఒక గుప్పెడు తీసి, ఆడవాటి కేజ్‌లో మూడు రోజుల ముందే వేయండి. గుంపుగా ఉన్న ఆడవాటికి ఋతుచక్రం మందగిస్తుంది. మగదాని మూత్రపు వాసన తగిలితే మళ్లీ కదులుతుంది, మూడో రాత్రికి చాలావరకు ఎదకు వస్తాయి. ఆ సాయంత్రం ఆడదాన్నే మగదాని కేజ్‌లోకి చేర్చండి. మగదాన్ని కొత్త చోటికి తెస్తే మూలమూలలా వాసన చూసుకోవడంతోనే దానికి పొద్దు గడిచిపోతుంది.

తెల్లవారగానే చూడండి. తోక కొద్దిగా ఎత్తితే యోనిద్వారంలో మీగడ రంగులో గట్టిపడిన చిన్న ముద్ద కనిపిస్తుంది. అదే ప్లగ్. మధ్యాహ్నానికి రాలిపోవచ్చు కనుక బద్ధకించవద్దు. ఆ మధ్యాహ్నాన్ని గర్భంలో అర రోజుగా లెక్కించండి.

ప్లగ్ పడిందంటే సంయోగం జరిగిందని మాత్రమే అర్థం. ఆ స్పర్శతో పీయూష గ్రంథి రోజుకు రెండుసార్లు ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఉప్పెనలా విడుదల చేస్తుంది. అండాశయంలోని కార్పస్ లూటియం, అంటే అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే గ్రంథి, దాని అండతోనే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను తయారుచేస్తుంది. వాసెక్టమీ చేసిన మగదానితో కలిసినా ఇదంతా జరుగుతుంది. పిండాలు లేకుండానే పది పన్నెండు రోజులు మిథ్యా గర్భం నడుస్తుంది.

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. కొత్తలో ప్లగ్ పడిన ఆరింటిని, చోటు చాలక, మరో జాతి మగది అప్పుడే ఖాళీచేసిన కేజ్‌లోకి పొట్టు మార్చకుండా వేశాను. ఒక్కటీ పిల్లలు పెట్టలేదు. శాస్త్రవేత్త హిల్డా బ్రూస్ 1959లో ప్రకటించిన సంగతి ఇదే: పిండం అంటుకోకముందు అపరిచిత మగదాని వాసన సోకితే ప్రొలాక్టిన్ పడిపోతుంది, దాంతో ప్రొజెస్టెరాన్ తగ్గి గర్భం నిలవదు, కొద్ది రోజుల్లో ఆడది మళ్లీ ఎదకు వస్తుంది. అందుకే ప్లగ్ చూశాక శుభ్రమైన కేజ్, కొత్త పొట్టు వాడండి. వేరే మగదాన్ని ముట్టుకున్న చేతితొడుగుతో వీటిని పట్టుకోవద్దు.

నాలుగో రోజు ఈస్ట్రోజెన్ కాస్త పెరుగుతుంది. గర్భాశయ గ్రంథులు ఎల్‌ఐఎఫ్ అనే ప్రొటీన్‌ను స్రవిస్తాయి, పిండాలు గోడకు అంటుకుంటాయి. ఆ తర్వాత వాసన భయం లేదు. గర్భం సగానికి వచ్చేసరికి ప్రొలాక్టిన్ పనిని మాయ నుంచి వచ్చే హార్మోన్లు అందుకుంటాయి. ప్రొజెస్టెరాన్ మాత్రం చివరిదాకా అండాశయానిదే. అండాశయాలు తొలగిస్తే ఏ దశలోనైనా గర్భం పోతుంది.

కాన్పు దాదాపు 19 నుంచి 21 రోజుల్లో. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కార్పస్ లూటియాన్ని కరిగించి ప్రొజెస్టెరాన్‌ను దించాకే నొప్పులు మొదలవుతాయి. జతకట్టిన మగది ఇంకా అదే కేజ్‌లో ఉంటే 17వ రోజుకల్లా తీసేయండి: పిల్లలు పెట్టిన 24 గంటల్లోపే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. అప్పుడు నిలిచిన గర్భంలో పిండాలు, తల్లి పాలిస్తున్నంతకాలం అంటుకోకుండా ఆగిపోవచ్చు. మీ తేదీల లెక్క తప్పుతుంది.