దారి తప్పిన ముగ్గు రేకు

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి పాప పదో తరగతి. సంక్రాంతికి ఎనిమిది రేకుల ముగ్గును కంప్యూటర్‌లో వేద్దామని, జ్యామితి బొమ్మలు గీసే జియోజీబ్రా తెరిచాం. ఒక రేకు గీసి, మధ్య చుక్క చుట్టూ 45 చొప్పున తిప్పితే సరిపోతుందనుకున్నాను. రెండో రేకు వెళ్లి 58 డిగ్రీల దగ్గర వాలింది.

"బాబాయ్, కొలత చెప్పింది మీరే" అని పాప దెప్పింది.

తప్పు నాదే. డిగ్రీ గుర్తు లేకుండా 45 అని రాస్తే జియోజీబ్రాకు అది 45 రేడియన్లు (కోణానికి ఇంకో కొలమానం), అంటే సుమారు 2578 డిగ్రీలు. ఏడు పూర్తి చుట్లు తీసేస్తే మిగిలేది 58. అంకె పక్కన చిన్న సున్నా పెట్టి 45° అనగానే రేకు బుద్ధిగా తన చోట కూర్చుంది.

పాపకు అది చాలలేదు, రేకు చేత్తో లాగితే తిరగాలట. మూడు బిందువులతో ఒక కోణం కొలిచి, 45° ఉన్నచోట ఆ కోణం పేరు రాశాం. బిందువును లాగుతుంటే రేకు వెంట నడిచింది, సగం చుట్టు దాటగానే వెనక్కి మళ్లింది! కోణం పరిధిని ఎప్పుడో 0 నుంచి 180కి కుదించి మరిచిపోయాను. కోణం లక్షణాల్లో 0 నుంచి 360 ఎంచుకున్నాక చుట్టు పూర్తయింది. బిందువులను నొక్కే వరుస కూడా ముఖ్యమే: శీర్షం, అంటే కోణం మూల, రెండోదిగా రావాలి, మిగతా రెండూ తారుమారైతే 60° బదులు 300° చూపిస్తుంది.

రంగుల గురించి ఇంకా వాదన నడుస్తోంది.