రోబో వాక్యూమ్ చక్రం తిరగట్లేదా? మోటర్ మార్చే ముందు ఇవి చూడండి

నల్లగొండలో తనంతట తనే తిరుగుతూ ఇల్లు ఊడ్చే రోబో వాక్యూమ్ ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు వచ్చినప్పుడు అమ్మానాన్నలకు కొనిచ్చి పోతారు. రెండు బతుకమ్మ పండుగలు గడిచేసరికి దాని చక్రం ఏదో ఒకటి మొరాయిస్తుంది. ఎవరికి చూపించినా ఒకటే మాట: "మోటర్ ఖరాబైంది, వీల్ సెట్ మొత్తం మార్చాలె." నా బల్ల మీదికి వచ్చేవాటిలో నిజంగా మోటర్ కాలిపోయినవి తక్కువ. జుట్టు పట్టేసినవి, గేరు పగిలినవి, లోపల వైరు తెగినవే ఎక్కువ. చక్రం ఎట్లా ఆగుతోందో కాస్త నిదానంగా గమనిస్తే, స్క్రూ విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

వారంటీ ఉంటే మాత్రం ఏమీ విప్పకండి. అది వాళ్ల తలనొప్పి.

వారంటీ అయిపోయిందా, అయితే ముందు లోపల ఏముంటుందో తెలుసుకోవాలి. ఎడమ, కుడి చక్రాలు దేనికదే విడి సెట్. ఒక్కో సెట్‌లో చిన్న డీసీ మోటర్, దాని వేగం తగ్గించి బలం పెంచే ప్లాస్టిక్ గేర్లు, చక్రం ఎంత తిరిగిందో బోర్డుకు చెప్పే ఎన్‌కోడర్, కిందికి తోసే స్ప్రింగ్, రోబోను ఎత్తినప్పుడు చక్రం కిందికి జారితే పసిగట్టే స్విచ్ ఉంటాయి. వీటిలో ఏది పోయినా చక్రం ఆగుతుంది. స్టార్ స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, 12 వోల్టుల అడాప్టర్, ట్వీజర్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావణం, కొద్దిగా సిలికాన్ గ్రీజు ఉంటే పని నడుస్తుంది. చార్జింగ్ డాక్ మీద నుంచి తీసి, స్విచ్ ఆపి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే లోపల చెయ్యి పెట్టాలి. లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ మొన తగలనివ్వొద్దు.

ఒకే చోట గుండ్రంగా తిరుగుతోంది

ఎడమ చక్రం ఆగిపోతే కుడిది ఒక్కటే నెడుతుంది కాబట్టి రోబో ఎడమవైపుకే తిరుగుతుంది. అంటే ఏ వైపుకు తిరుగుతుంటే ఆ వైపు చక్రమే అనుమానితం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రోబోను వెల్లకిలా తిప్పగానే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకే తిప్పకముందే ఆ పక్కన ఒక ముక్క టేపు అంటించండి.

ముందు కాస్త వెనక్కి జరిగి, ఆ తర్వాత తిరుగుతుంటే అది చక్రం సమస్య కాదు. ముందున్న బంపర్ లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, లేదంటే మెట్లను పసిగట్టే సెన్సర్ల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. హాల్లో నల్ల గ్రానైట్ బార్డర్ ఉన్న ఇళ్లలో ఆ నలుపును చూసి మెట్టు అనుకుని వెనక్కి పోయేవీ ఉన్నాయి. నల్ల రాయి ఇన్‌ఫ్రారెడ్ వెలుగును వెనక్కి సరిగా పంపదు, అంతే. దానికి మోటర్ విప్పితే వచ్చేదేమీ లేదు.

చేత్తో తిప్పితే చక్రం బిగుసుకుపోయింది

రెండు చక్రాలనూ బొటనవేలితో తిప్పి చూడండి. గేర్ల వల్ల ఎంతో కొంత బరువుగా ఉండటం మామూలే. చూడాల్సింది రెండింటి మధ్య తేడా. ఒకటి తేలిగ్గా, ఇంకొకటి గట్టిగా తిరిగితే జవాబు దొరికినట్టే.

బిగుసుకుపోవడానికి మొదటి కారణం జుట్టు. ఇది పైన బ్రష్‌కు చుట్టుకున్న జుట్టు కాదు. చక్రానికీ దాని ప్లాస్టిక్ గోడకూ మధ్య సందులోంచి దూరి, ఇరుసు చుట్టూ పేరుకున్న జుట్టు. బయటికి ఒక్క వెంట్రుక కొస కూడా కనిపించదు. చక్రం మీది స్క్రూ తీసి లాగితే లోపల నల్లటి గట్టి ఉంగరం ఉంటుంది. అందులో మల్లెపూల దండ దారం, చీర అంచు పోగు, చాప పుల్ల, అన్నీ కలిసి ఉంటాయి. ఆశ్వయుజం పోయాక వచ్చేవాటిలో ఇంకొకటి కూడా దొరుకుతుంది: గునుగు పూల గింజ. ఆవగింజకన్నా చిన్నది, నల్లగా మెరుస్తూ, రాయిలా గట్టిగా ఉంటుంది. బతుకమ్మ పేర్చిన చోట రాలిన గింజలు నున్నటి గచ్చు మీద దొర్లుకుంటూ పోయి, గేర్‌బాక్స్ మూత సరిగ్గా పట్టని చోట లోపలికి జారుతాయి. రెండు పళ్ల మధ్య ఒక్క గింజ ఇరుక్కుంటే చక్రం ఒక చోటికి రాగానే టక్కున ఆగుతుంది. వెనక్కి తిప్పితే మాత్రం కొంత దూరం ఊరికే తిరుగుతుంది. ఒకే చోట ఆగుతుందంటే గేర్లలో ఏదో పడిందని అర్థం. తిరిగినంతసేపూ బరువుగానే ఉంటే ఇరుసుకు జుట్టు పట్టిందని.

"అన్నా, కొత్త మోటర్‌కు ఎంతైతది?" అని బ్యాగు తెరవకముందే అడుగుతారు. "ముందు చక్రం ఊడదీసి చూద్దాం అక్కా, డబ్బు సంగతి తర్వాత" అంటాను. ఎక్కువసార్లు ఆ తర్వాత డబ్బు మాటే రాదు.

జుట్టును బ్లేడుతో ఒకే చోట కోసి ట్వీజర్‌తో లాగండి. ఇరుసుకు గీత పడకుండా చూడాలి. శుభ్రం చేశాక గేర్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. కొబ్బరినూనె పోసి తెచ్చేవాళ్లున్నారు. అది రెండు రోజులు మెత్తగా తిప్పి, తర్వాత మన చల్కా నేలల ఎర్ర దుమ్మునంతా పట్టుకుని బంక అవుతుంది. గేర్‌బాక్స్‌లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం కూడా మంచిది కాదు, ఉన్న గ్రీజు కడుక్కుపోతుంది.

మోటర్ మోగుతోంది, చక్రం కదలదు

గుయ్‌మని సౌండ్ వస్తూ చక్రం కదలకపోతే మోటర్ బతికే ఉంది. దాని ఇరుసు చివర ఉండే బుల్లి గేరు, అంటే పినియన్, నిలువునా చీలి ఇరుసు మీద వట్టిగా తిరుగుతోంది. టకటకమని లయగా మోగుతూ కొంచెం కొంచెం కదులుతుంటే మధ్య గేర్లలో ఏదో ఒకదానికి పళ్లు అరిగాయి.

గేర్లు ఎందుకు పోతాయంటే, మన ఇళ్ల గడపల వల్ల. చాలా మోడళ్లు ఎక్కగలిగేది 2 సెంటీమీటర్ల లోపు ఎత్తు మాత్రమే. పాత ఇళ్లలో గడప దానికి రెండు మూడింతలు ఉంటుంది. అంచు మీద సగం ఎక్కి, పొట్ట ఆనుకుని, చక్రాలు జారుతూ పట్టుకుంటూ కొట్టుకుంటుంది. ఆ దెబ్బంతా ప్లాస్టిక్ పళ్ల మీదే పడుతుంది. యాప్‌లో గడప దగ్గర రోబో దాటకుండా ఆపే నో గో గీత పెట్టుకుంటే ఈ రిపేరు మళ్లీ రాదు. ఆ సౌకర్యం లేకపోతే తలుపు వేసి నడపండి.

చీలిన పినియన్‌కు ఫెవిక్విక్ పెట్టి ఇచ్చేవాళ్లున్నారు. అది నిలవదు, పైగా జిగురు బేరింగ్‌లోకి పాకితే ఉన్న మోటర్ కూడా పోతుంది. అదే పళ్ల లెక్క, అదే మందం, అదే రంధ్రం ఉన్న కొత్త పినియన్ వేయాలి. పాతదాన్ని పుల్లర్‌తో తీయాలి గానీ సుత్తితో కొట్టకూడదు.

అర చుట్టు తిరిగి ఆగిపోతోంది, ఎర్రర్ వస్తోంది

స్టార్ట్ నొక్కగానే చక్రం చక్కగా కదిలి, ఒక్క క్షణంలో ఆగి, "చక్రం ఇరుక్కుంది" అని చెబుతుంది. చేత్తో తిప్పితే ఏ ఇబ్బందీ లేదు. ఇది ఎన్‌కోడర్ పని. బోర్డు మోటర్‌కు కరెంటు ఇచ్చి, చక్రం తిరిగినట్టు పల్సులు వస్తాయని ఎదురుచూస్తుంది. అవి రాకపోతే ఇరుక్కుందని అనుకుని తనే ఆపేస్తుంది. మోటర్ మార్చినా ఇదే జరుగుతుంది, అందుకే ఇక్కడ డబ్బులు ఎక్కువ దండగవుతాయి.

కొన్నింటిలో మోటర్ వెనక అయస్కాంతపు బిళ్ల, దాని పక్కన ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. కొన్నింటిలో చీలికలున్న చక్రం, వెలుగు పంపే సెన్సర్ ఉంటాయి. రెండో రకానికి దుమ్ము శత్రువు, ఐపీఏలో ముంచిన దూదితో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. మొదటి రకంలో అయస్కాంతం ఊడి జారిందేమో చూడండి. బ్యాటరీ తగిలించి, సెన్సర్ సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పితే వోల్టేజ్ పైకీ కిందికీ మారుతుండాలి. కదలకుండా ఒకే చోట ఉంటే, సెన్సర్‌కు సప్లై అందుతోందా లేదా చూసుకుని ఆ తర్వాత సెన్సర్ మార్చాలి.

ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు

మోటర్ వైర్లు చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగుతుంటాయి. ఏడాది రెండేళ్లకు పైతోలు బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది. మీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి, వైరు రెండు కొసలు పట్టుకుని చక్రాన్ని ఊపండి. బీప్ తెగుతూ వస్తుంటే అదే.

మాప్ పెట్టే మోడల్ అయితే కనెక్టర్లు కూడా చూడండి. బోరు నీళ్లు పోసి నడిపే ఇళ్లలో నీళ్లు కారి ఎండిన చోట తెల్లటి పొర కడుతుంది, పిన్నులు పచ్చబడతాయి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ, ఈ తెల్లపొర నీటి కఠినత్వం వల్ల వచ్చేది, ఆ లెక్క వేరు. ఐపీఏతో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి ఆరనివ్వండి. మాప్ ట్యాంకులో ఫిల్టర్ నీళ్లు పోయడం మేలు.

ఇప్పుడు అసలు మోటర్

పైవన్నీ బాగున్నాయని తేలాకే మోటర్ వైపు చూడాలి. కనెక్టర్ ఊడదీయండి. సాధారణంగా లావుగా ఉండే రెండు వైర్లు మోటర్‌వి, సన్నవి సెన్సర్లవి. సన్న వైర్లకు బయటి కరెంటు ఎప్పుడూ ఇవ్వొద్దు.

కరెంటే అక్కర్లేని పరీక్ష ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. మోటర్ వైర్లు రెండూ విడిగా ఉంచి చక్రం తిప్పండి. తర్వాత ఆ రెండు కొసలూ ఒకదానికొకటి తగిలించి తిప్పండి. మోటర్ మంచిదైతే రెండోసారి చక్రం బరువెక్కుతుంది. తిప్పితే ప్రతి డీసీ మోటరూ జనరేటరే, ఆ కరెంటే దానికి బ్రేకు వేస్తుంది. ఏ తేడా తెలియకపోతే లోపల సర్క్యూట్ తెగింది. కొన్ని చోట్ల బరువుగా, కొన్ని చోట్ల వట్టిగా ఉంటే మోటర్ లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, లేదా అవి రాసుకునే రాగి కమ్యుటేటర్ సగం పోయాయి.

తర్వాత ఓమ్స్‌లో పెట్టి రెండు మోటర్ల రెసిస్టెన్స్ పోల్చండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. దాదాపు సున్నా చూపిస్తే వెంటనే వైండింగ్ (మోటర్ లోపలి తీగచుట్టు) షార్ట్ అనుకోవద్దు. మోటర్ టెర్మినళ్ల మధ్య 104 అని రాసిన చిన్న సిరామిక్ కెపాసిటర్ ఉంటుంది. అది షార్టైనా ఇదే రీడింగ్ వస్తుంది. దాని ఒక కాలు విప్పి మళ్లీ కొలవండి.

చివరగా 12 వోల్టులు ఇచ్చి తిప్పండి, మీటర్‌ను సిరీస్‌లో పెట్టి కరెంటు చూడండి. మంచి చక్రం కంటే చాలా ఎక్కువ లాగుతూ, వేడెక్కి, వాసన వస్తుంటే ఆ మోటర్ అయిపోయింది. తక్కువ లాగుతూ తడబడుతుంటే కార్బన్ పొడి పేరుకుని ఉండొచ్చు. ఓపిక ఉంటే వెనక మూత పళ్లు లేపి విప్పి, కమ్యుటేటర్‌ను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, సందుల్లోని నల్లపొడిని టూత్‌పిక్‌తో తీసి, ఐపీఏతో తుడవండి. ఎమరీ పేపర్ వద్దు, దాని రవ్వలు సందుల్లో ఉండిపోతాయి. బ్రష్‌లు అరిగిపోయి ఉంటే ఈ కష్టం అనవసరం, మోటర్ మార్చడమే నయం.

మోటర్ బయట 12 వోల్టుల మీద బ్రహ్మాండంగా తిరిగి, రోబోలో పెడితే కదలకపోతే లోపం బోర్డులో ఉంది. స్టార్ట్ నొక్కినప్పుడు మోటర్ సాకెట్‌లో వోల్టేజ్ వస్తోందా చూడండి. అసలే రాకపోతే మోటర్‌కు కరెంటు ఇచ్చే చిప్, అంటే డ్రైవర్ ఐసీ, పోయినట్టు. అది ఇంట్లో చేసే పని కాదు, హాట్ ఎయిర్ ఉన్న సెల్‌ఫోన్ బోర్డు మెకానిక్‌కు ఇవ్వండి.

రెండు చక్రాలూ నీరసంగా ఉంటే

మోటర్ల జోలికే పోకండి. రెండూ ఒకేసారి పాడవడం అరుదు. చాలా మోడళ్లలో నాలుగు లిథియం సెల్స్ ఉంటాయి, ఫుల్ చార్జ్‌లో 16.8 వోల్టుల దాకా చూపించాలి. నడుస్తుండగా అది బాగా పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైపోయింది. "నన్ను నేల మీద పెట్టండి" అని నేల మీదే ఉండి గోల చేసేది కూడా మోటర్ సమస్య కాదు. చక్రం పూర్తిగా పైకి నొక్కుకోవట్లేదు. స్ప్రింగ్ దగ్గర చెత్త తీసి స్విచ్‌ను వేలితో నొక్కి చూడండి.

సామాను

గేరు, పినియన్, మోటర్ విడిగా కావాలంటే నల్లగొండ, పాలమూరులలో దొరకడం కష్టం. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగితే ఎలక్ట్రానిక్ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీ దగ్గరే, లేదా ఆన్‌లైన్‌లో మోడల్ నంబర్ కొట్టి చూడండి. మోడల్ నంబర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పాత మోటర్‌ను వెంట తీసుకుపోయి డబ్బా వ్యాసం, ఇరుసు మందం, వోల్టేజ్, పినియన్ పళ్లు నాలుగూ సరిపోల్చి కొనండి. మొత్తం వీల్ సెట్ కొంటుంటే ఎడమదా కుడిదా అన్నది ఆ టేపు ముక్క చూసి చెప్పండి, అవి ఒకదాని బదులు ఒకటి పట్టవు.

బిగించాక పావుగంట నడిపి, రెండు చక్రాల పక్కనా చెయ్యి పెట్టి వేడి పోల్చండి. ఒక వైపు ఎక్కువ వేడిగా ఉంటే గేర్లు ఇంకా బిగుతుగానే ఉన్నాయి, మూత విప్పి మళ్లీ చూడాల్సిందే.