వానలో అడవి టర్కీ కోడిని వేటాడటం ఎలా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో టర్కీ వేట సీజన్ ఏప్రిల్, మే నెలల్లో నడుస్తుంది. వానలూ అప్పుడే. చినుకు పడగానే చాలామంది ఇంటిముఖం పడతారు కానీ, టర్కీలు ఎక్కడికీ పోవు. వాటిని వెతికే పద్ధతి మార్చుకుంటే చాలు.

ముందు కాగితాల సంగతి. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు, టర్కీ పర్మిట్ తప్పనిసరి. హెచ్‌-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయినా రాష్ట్ర నిబంధనలు చూసుకోకుండా తుపాకీ ముట్టుకోవద్దు.

ఇక చోటు. వాన హోరులో కొయొటీ, అంటే నక్కలాంటి వేటజంతువు, అడుగుల అలికిడి టర్కీకి వినపడదు. ఆకులన్నీ కదులుతుంటే కంటికీ ఏదీ ఆనదు. అందుకే అడవి వదిలి పచ్చిక బయళ్లలోకి, కోసేసిన మొక్కజొన్న చేలలోకి వస్తుంది. అలాంటి చేను గట్టున ముందురోజే బ్లైండ్, అంటే చాటు గుడారం, వేసి పెట్టుకోండి. వెనక కిటికీలు మూసి, లోపల నల్ల చొక్కా వేసుకుని కూర్చుంటే మీ కదలిక బయటికి తెలియదు. రెయిన్‌కోటు మాత్రం ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వద్దు. పుంజు తలలో ఉండేవి ఆ రంగులే, ఇంకో వేటగాడు మిమ్మల్నే పుంజు అనుకోవచ్చు!

పుంజుని రప్పించడానికి పెట్టలా కూత పెట్టే పరికరాన్ని కాల్ అంటారు. చెక్క బాక్స్ కాల్ తడిస్తే మూగబోతుంది. నోట్లో పెట్టుకుని ఊదే డయాఫ్రమ్ కాల్‌కి ఆ బాధ లేదు. అయితే వానలో పుంజులు కూత తగ్గిస్తాయి, బదులు పలక్కుండానే వచ్చేస్తాయి. కాబట్టి చెవుల్ని నమ్ముకోకుండా కళ్లతో చేనంతా గాలిస్తూ ఉండండి.

వసంతంలో చాలాచోట్ల రొమ్ము మీద గడ్డం, అంటే వెంట్రుకల్లాంటి కుచ్చు, ఉన్న పక్షినే కొట్టాలి. తడిసిన గడ్డం తాడులా సన్నబడి ఈకలకు అంటుకుపోతుంది. అది స్పష్టంగా కనపడేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. షాట్‌గన్‌తో అయితే 40 గజాల లోపుకి రానిచ్చి, మెడ చాచినప్పుడు తల, మెడ కలిసేచోట గురిపెట్టండి.

ఉరుము వినిపిస్తే మాత్రం బేరాల్లేవు, తుపాకీలో గుళ్లు తీసేసి కారెక్కండి. ఉత్త వానే అయితే ఓపిక పట్టండి. వాన వెలిశాక పుంజులు ఎండలో రెక్కలు దులుపుకుంటూ మళ్లీ కూత మొదలెడతాయి. నా లెక్కలో ఆ గంటే బంగారం.

పక్షి దొరికితే తడి ఈకలతోనే సంచిలో కుక్కకండి, మాంసం వేడెక్కి పాడవుతుంది. వెంటనే పొట్ట శుభ్రం చేసి ఐస్‌లో పెట్టండి. తుపాకీని ఆ రాత్రే తుడిచి నూనె రాయండి.